మా అక్క అలక

మా బావకి మా వీధిలో ప్రేమకవి అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఆయనే పెట్టుకుని ఉంటాడని నా అనుమానం. పగలంతా మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడి దగ్గు మందూ, చెవిలో వేసుకునే చుక్కల మందూ అమ్ముతాడు. ఏది భోజనానికి ముందు, ఏది తర్వాత అని ముసలివాళ్లకి విసుక్కోకుండా పదిసార్లు చెబుతాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఇంకో మనిషైపోతాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, "ఏమోయ్, ఇలా రా" అంటాడు. ఆయన కూర్చోవడం కోసమే కనిపెట్టుకుని ఉండే మా అక్క చేతిలో పని వదిలేసి, తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆయన ఆరోజు రాసిన కవిత చదువుతాడు. చదవడం అయిపోయాక ఆవిడ "బాగుంది" అంటుంది. ఆయన తృప్తిగా కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. వాళ్లిద్దరే ఉండే ఇంట్లో ఏళ్ల తరబడి సాయంత్రాలు ఇలాగే గడిచాయి.

ఆయన రాతల్లో ప్రేమ తప్ప ఇంకేం ఉండదు. అచ్చైన పుస్తకాల్లోనూ, మాటల్లోనూ అంతే. నేను పక్క వాటాలోనే ఉంటాను కాబట్టి, టీ తాగడానికి వెళ్లినప్పుడల్లా నాకు పాఠం తప్పదు.

"ప్రేమ వేరు, ఆప్యాయత వేరు మరదలా. తిన్నావా, గొడుగు తీసుకెళ్లావా, తల తుడుచుకున్నావా, ఇదంతా ఆప్యాయత. ప్రేమకి పేదచుట్టం. ఓ మూల కూర్చోమంటే కూర్చుంటుంది, లేవమంటే లేస్తుంది. ప్రేమ అలా కాదు. ప్రేమ తలుపు తట్టదు, బద్దలుకొట్టుకుని లోపలికి వస్తుంది."

"తర్వాత ఆ తలుపు బాగుచేయించేది ఎవరు బావా?"

"అదే నీకూ నాకూ తేడా" అని నా వైపు జాలిగా చూశాడు. మా అక్క పక్కనుంచి ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. పేదచుట్టాలు చేసే పనే అది.

ఇక ఆయన సోకు గురించి చెప్పాలి. వయసు యాభై దాటింది, చూపు మందగించింది. షాపులో మందు సీసాల మీది సన్న అక్షరాల కోసం కళ్లజోడు పెట్టుకుంటాడు గానీ, కవిత చదివేటప్పుడు చచ్చినా పెట్టుకోడు. కళ్లజోడు పెట్టుకుని ప్రేమ గురించి చదివితే వడ్డీ లెక్కలు చదివినట్టు ఉంటుందట. అందుకని కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతాడు. ఎదుటివాళ్లకి నుదురూ, జుట్టూ తప్ప ఏమీ కనిపించవు. ఇందులో నవ్వుకోవడానికి తప్ప ఇంకేం లేదని అందరూ అనుకున్నారు. ఉందని నాకూ మా అక్కకీ మాత్రమే తెలుసు.

మా అక్క మరమగ్గాల షెడ్డులో నేత పని చేస్తుంది. నేను అదే షెడ్డులో కండెలకి నూలు చుడతాను. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడటం మొదలుపెడితే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదాలతో మాట్లాడుకుంటాం. గొంతు తియ్యకుండా, ఒక్కో మాటనీ పెదాల మీద సాగదీసి పలికితే ఈ చివర్నుంచి ఆ చివరికి కబురు వెళ్లిపోతుంది. మేస్త్రీ పక్కనే నిలబడి ఉండగా మేస్త్రీనే తిట్టుకోవచ్చు, ఆ సుఖం ఇంకే ఉద్యోగంలోనూ దొరకదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకి ఈ పెదాల మాట నేర్పేది మా అక్కే. షెడ్డంతా ఆవిణ్ణి పెద్దక్క అంటుంది.

ఆ షెడ్డే మా అక్క చెవులు తినేసింది. ఒక్కరోజులో కాదు. ముందు పిట్టల కూతలు పోయాయట, తర్వాత కుక్కర్ విజిల్, తర్వాత వీధి తలుపు చప్పుడు, చివరికి మనుషుల గొంతులు. వెనకనుంచి పిలిస్తే పలకదు. ఎదురుగా నిలబడితే మాత్రం ఒక్క మాట పొల్లుపోనివ్వదు. పెదాలు చదవడంలో ఆవిడకి అంత చెయ్యి తిరిగిపోయింది. నేను కనిపెట్టి నిలదీస్తే ఒప్పుకుంది, కానీ ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

"బావకైనా చెప్పవే" అన్నాను.

"అసలు ఆయనకే తెలియకూడదు. బయటికి పొక్కితే ఊళ్లో ఏమంటారు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఒక సామెత ఎటూ ఉంది. తీసుకొచ్చి ఆయనకి అంటగడతారు. ప్రేమకవి, వాళ్లావిడ ముందు శంఖం ఊదుకుంటున్నాడంటారు. ఆయన భరించలేడు."

కాబట్టి సంగతి ఇదీ. బియ్యం అయిపోయాయనీ, కరెంటు పోయేట్టుందనీ, నడుం నొప్పి అనీ మా బావ చెప్పేవన్నీ మా అక్కకి అందేవి, ఆయన ముఖం కనిపించేది కాబట్టి. ఆయన కవితలు మాత్రం ఒక్కటీ అందలేదు. ఆ నుదుటిని చూస్తూ కూర్చునేది. కాగితం కిందికి దిగితే అయిపోయిందని గుర్తు, అప్పుడు "బాగుంది" అనేది. తన ప్రేమ అంతా ఆ కాగితాల్లోనే ఉందని ఆయన నమ్మకం. నాకు కడుపు మండిపోయేది, కానీ కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

అలా ఎన్నాళ్లు సాగేదో. ఇంతలో ఆయన పళ్లు ఊడాయి.

షాపులో పై అరలోని డబ్బా తీస్తూ స్టూలు మీదనుంచి జారి కౌంటర్ అంచుకి మూతి కొట్టుకున్నాడు. ముందు పళ్లు రెండూ పోయాయి. కట్టుడు పళ్లు తయారవ్వాలంటే చిగుళ్లు మానాలి, కొన్ని వారాలు పడుతుందన్నాడు డాక్టరు. అదే సమయానికి గ్రంథాలయం వాళ్లు ఆయనకి సన్మాన సభ పెట్టుకున్నారు. ప్రేమ గురించీ ఆప్యాయత గురించీ ఆయన చేత ఉపన్యాసం, తర్వాత కవితా పఠనం. ఆయనకి జీవితంలో మొదటి సన్మానం. పళ్లు లేని ప్రేమకవిని ఎవరూ చూడకూడదని జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. షాపులో మాస్కు, ఇంట్లో రుమాలు. పెళ్లాం దగ్గర కూడా తియ్యలేదు. జావ తాగేటప్పుడు గోడ వైపు తిరిగి తాగేవాడు.

మా అక్కకి ఒక్కసారిగా ఇల్లు చీకటైపోయింది. ఆయన తువ్వాలు అడిగితే మంచినీళ్లు తెచ్చింది. మంచినీళ్లు అడిగితే కిటికీ వేసింది. తప్పుల మీద తప్పులు చేసి, దొరికిపోతానని భయపడి, చివరికి ఏదన్నా అడిగితే వంటింట్లోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. షెడ్డులో మగ్గం మీద చెయ్యి ఉంచి, నా వైపు తిరిగి పెదాలతో అంది: "ఆయన నోరు కనిపించడం లేదే. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంది."

కళ్లలో నీళ్లు పెట్టుకుంది. నేను ఆ సాయంత్రమే బావ సంగతి తేల్చుకుందామని వెళ్లాను. వెళ్లేసరికి ఆయన రుమాలు వెనక నవ్వుకుంటూ రాసుకుంటున్నాడు.

"మీ అక్క అలిగింది మరదలా" అన్నాడు.

"అలిగిందా?"

"మాట్లాడదు, పిలిస్తే పలకదు, మూతి ముడుచుకుని వంటింట్లో కూర్చుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ అలగలేదు. ఇప్పుడు అలిగింది. సభ గొడవలో పడి తనని పట్టించుకోలేదని కోపం. ఎంత అందమైన విషయమో చూడు! ఆప్యాయత అలగదు, ప్రేమ ఉన్నచోటే అలక. అలక మీద వరసగా కవితలు వస్తున్నాయి. సభలో అవే చదువుతాను. ఆవిణ్ణి వేదిక మీద పక్కనే కూర్చోబెట్టుకుని చదువుతాను. అందరిముందూ బతిమాలుకుంటాను."

జరగబోయేది నాకు కళ్లకి కట్టింది. వేదిక మీద, మైకు ముందు, కాగితం వెనక ఈయన అడగడం, ఆవిడ పలకకపోవడం, హాలంతా చూడటం. ఇన్నేళ్లు గుట్టుగా దాచుకున్నది నలుగురిలో పడిపోతుంది.

"అది అలక కాదు బావా. ఆ కవితలు చదవద్దు."

"అలక కాకపోతే ఏంటి?"

అక్కకి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. "మీరే అడగండి. ఆ రుమాలు తీసి, ఎదురుగా నిలబడి అడగండి."

"ఈ బోసినోటితోనా? అలిగిన మనిషి ముందా?" అని ఆయన ముఖం అవతలికి తిప్పుకున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆరోజు కళ్లారా చూశాను.

అక్కకి అన్నీ చెప్పాను. వేదిక మీదికి రానని చెప్పెయ్యమన్నాను. వినలేదు. "ఆయనకి మొదటి సన్మానం. పక్కన నేను లేకపోతే ఏం బాగుంటుంది? నవ్వుతూ కూర్చుంటాను. కాగితం దిగగానే బాగుందంటాను. ఇన్నేళ్లూ జరగలేదా?" అంది.

సభ రోజు మధ్యాహ్నం కట్టుడు పళ్లు పెట్టించుకుని బావ అటునుంచి అటే హాలుకి వచ్చేశాడు. కొత్త పళ్లు తళతళలాడుతున్నాయి, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ఎవరెవరో చుట్టుముట్టి వేదిక ఎక్కించారు. మా అక్కని ఆయన కుర్చీకి పక్కన కూర్చోబెట్టారు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లలా కూర్చుంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. నా వైపు ఒక్కసారి చూస్తే చాలు, జరిగేదంతా పెదాలతో చెప్పేద్దును. చూడలేదు. ఆయన గొప్పగా వెలిగిపోతున్నాడని ఆయన్నే చూస్తోంది.

లైబ్రేరియన్ మేడమ్ నాలుగు మంచి మాటలు చెప్పింది. బావ లేచి, ఉపన్యాసం తర్వాత ఇస్తాననీ, ముందు ఇంట్లో ఒక తగువు తీర్చుకోవాలనీ అన్నాడు. జనం నవ్వారు. మా ఆవిడ నా మీద అలిగింది, మీరందరూ పెద్దమనుషులుగా ఉండాలి అన్నాడు. ఇంకా నవ్వారు. అందరూ నవ్వుతుంటే మా అక్కా నవ్వింది. ఆయన కాగితం ముక్కుకి ఆనించుకుని మొదలుపెట్టాడు.

చదవడం బాగానే చదివాడు. అబద్ధమెందుకు, కవితలు కూడా బాగున్నాయి. నువ్వు మాట్లాడని ఇంట్లో గోడలకి కూడా గొంతు ఆరిపోయిందన్నాడు. నీ మౌనం నాకు వేసిన శిక్ష, నీ పలుకు నాకు పెట్టే భిక్ష అన్నాడు. జనం ఆహా అన్నారు. వింటున్న నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. ఎవరి కోసం రాశాడో ఆవిడొక్కతే ఆ హాలులో వినలేదు. చివరికి ఆయన కాగితం దించకుండానే మామూలు మాటల్లోకి దిగి, గొంతు మెత్తబరచుకుని అడిగాడు:

"ఏమోయ్, ఇంకా కోపమేనా?"

అక్క నవ్వుతూ ఆయన నుదుటినే చూస్తోంది.

"పలకవా?"

హాలు ఊగిపోయింది. వెనకనుంచి ఎవరో "అమ్మగారూ, కరుణించండి!" అని అరిచారు. ఆయన ఇక లాభం లేదని నవ్వుతూ కాగితం కిందికి దించాడు. దించగానే మా అక్క ఎప్పటిలాగే తల ఊపి, "బాగుంది" అంది. మైకు ఆ మాటని హాలంతా వినిపించింది. జనం చప్పట్లతో పడీ పడీ నవ్వారు. భలే బదులిచ్చిందనుకున్నారు.

బావ కూడా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. ఆవిడ తన కళ్లలోకి చూడటం లేదని అప్పుడు గమనించాడు. తన నోటిని చూస్తోంది. షాపులో ఎంతమంది వినపడనివాళ్లు కౌంటర్ మీదికి వంగి ఆయన నోటిని అలా చూసి ఉంటారు! ఆయన ముఖంలో రంగు పోయింది. ఒక చేత్తో మైకు మూసేసి, రెండో చేత్తో కాగితం మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకో కవిత ఉందనుకుని జనం సర్దుకున్నారు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"ఏమోయ్, నా మాట వినిపిస్తోందా నీకు?"

నెమ్మదిగా కాగితం దించాడు.

"బాగుంది" అంది మా అక్క. అదే నవ్వు.

ఉపన్యాసం ఇవ్వలేదు. గొంతు పట్టేసిందని కూర్చుండిపోయాడు. కొత్త పళ్లు కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. పూలగుత్తి చేతికిస్తే కిందికి చూస్తూనే పుచ్చుకున్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే రోజూ ముందు నడిచే మనిషి, మా ఇద్దరి వెనకాలే పడి వచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి, "మీ ఆవిడ మిమ్మల్ని మించిపోయిందండీ" అని భుజం తట్టారు. ఒక్కొక్కరు తట్టినప్పుడల్లా ఆయన తల కొట్టేసినట్టు కుంచించుకుపోయాడు.

ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నన్ను అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

నాకు ఒళ్లు మండింది. "నన్నెందుకు అడుగుతారు? ఆవిడ ఎదురుగానే ఉందిగా. ఇప్పుడు రుమాలు కూడా లేదు, అడగండి."

అక్క మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. సంగతి బయటపడిందని ఆవిడకి అర్థమైంది. తప్పు చేసి దొరికినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. ఆయన ఎదురుగా వెళ్లి నేలమీద కూర్చున్నాడు.

"నా కవిత ఒక్కటైనా విన్నావా?"

"మొదటి పుస్తకంలోవి విన్నాను. అప్పుడు బాగానే వినపడేది" అంది. "అవి నిజంగానే బాగున్నాయండి."

"తర్వాతవి?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చెవుల మందు అమ్మేవాణ్ణి, ఊళ్లో అందరి చెవుల సంగతీ తెలిసినవాణ్ణి అని తనలో తనే గొణుక్కున్నాడు. తర్వాత అడిగాడు.

"ఎందుకు చెప్పలేదు?"

సామెత గురించి చెబుతుందనుకున్నాను. జనం నవ్వుతారని చెబుతుందనుకున్నాను. ఆవిడ అంతవరకూ నాతో కూడా అనని మాట అంది.

"మీరు నా దగ్గర కూర్చునేది ఆ కాసేపే కదండీ. వినపడటం లేదని చెబితే లేచిపోతారేమో అనుకున్నాను. వినేవాళ్లు ఇంకెక్కడైనా దొరుకుతారుగా."

ఆ మాటతో మా బావ ఇక మిగల్లేదు. ప్రేమ అంటే ఏమిటో పుస్తకాలకి పుస్తకాలు రాసిన మనిషి తల వంచేశాడు. గడ్డం గుండెకి ఆనింది. ఆ వంచిన తలతోనే ఏదో అంటున్నాడు. క్షమించమంటున్నాడు, నేనెంత గుడ్డివాణ్ణి అంటున్నాడు, లేచి ఎక్కడికి పోతానే అంటున్నాడు, ఏడుస్తూ అంటున్నాడు. నాకు అన్నీ వినపడుతున్నాయి. బతికినంతకాలం రాసినవాటిలో వేటికీ లేని నిజం ఆ మాటల్లో ఉంది.

మా అక్కకి ఆయన నడినెత్తి మాత్రమే కనిపిస్తోంది. ముందుకు వంగి చూసింది, పక్కకి వంగి చూసింది. ఒక్క మాటా దొరకలేదు. ఆఖరికి రెండు చేతులూ ఆయన చెంపలకి ఆనించి, తల పైకెత్తడానికి ప్రయత్నించింది. ఆయన సిగ్గుతో మెడ బిగించుకుని ఎత్తనివ్వలేదు.

"సిగ్గుపడేది ఉంటే తర్వాత పడుదురుగాని" అంది మా అక్క. "ముందు తలెత్తి చెప్పండి. నాకు కనిపించడం లేదు."